ఎండ వేళ, నీడ చోటు: సీమలో ఒక వేసవి వారం

2019 జూలై 25న జర్మనీ దేశం ఉడికిపోయింది. రైన్ నది ఒడ్డునున్న డ్యూయిస్‌బర్గ్ నగరంలోనూ, దానికి దగ్గర్లోని టోనిస్‌ఫోర్స్ట్ అనే చిన్న ఊళ్లోనూ ఉష్ణోగ్రత 41.2 డిగ్రీలకు చేరింది. ఆ దేశపు వాతావరణ శాఖ లెక్కల్లో రికార్డు అదే. ఈ అంకె కర్నూలు పాతబస్తీలోనో, కడప వై.వి. స్ట్రీటులోనో చెప్పి చూడండి. "ఆ మాత్రానికేనా?" అని నవ్వుతారు. మే నెలలో నంద్యాలలో నలభై ఒకటంటే వార్త కానే కాదు. ఆ పూట కాస్త గాలి తిరిగిందని లెక్క.

జర్మనీలో ఎండ కాస్తే పండగ. ఏడాదిలో చాలా నెలలు మబ్బు, ముసురు, చలి. అందుకే వేసవి వచ్చిందంటే అక్కడి జనం ఇళ్లలో నిలవరు. జూన్ నెలలో బెర్లిన్‌లో పొద్దు గూకేది రాత్రి తొమ్మిదిన్నరకు. పని ముగించుకుని వచ్చాక ఇంకా మూడు నాలుగు గంటల వెలుగు మిగిలే ఉంటుంది. ఆ వెలుగులో సరస్సులకు ఈతకు పోతారు. బెర్లిన్ శివార్లలోని వాన్‌సీ సరస్సు ఒడ్డున ఈతరేవు 1907 నుంచి నడుస్తోంది. చెట్ల కింద బల్లలు వేసిన బీరు తోటల్లో కూర్చుంటారు. ఐస్‌క్రీం కొట్ల ముందు వరస కడతారు. సేమ్యాలాగా తీగలు తీసి, పైన స్ట్రాబెర్రీ రసం పోసిచ్చే ఐస్‌క్రీం ఒకటి 1969లో మన్‌హైమ్ నగరంలో పుట్టి దేశమంతా పాకింది. ఆదివారం వస్తే దుకాణాలకు చట్టప్రకారం సెలవు. ఇక ఆ రోజు సంచి భుజాన వేసుకుని అడవిదారి పట్టడమో, లోకల్ రైలెక్కి పక్క ఊరి కోట చూసి రావడమో.

పై చదువులకని కర్నూలు, కడప ఇళ్ల నుంచి జర్మనీ వెళ్లిన పిల్లలూ ఇప్పుడున్నారు. వేసవిలో అక్కడికీ ఇక్కడికీ మూడున్నర గంటల తేడా. అక్కడ రాత్రి తొమ్మిదికి పార్కులో నిలబడి వీడియో కాల్ చేస్తే, ఇక్కడ పన్నెండున్నరకు మిద్దె మీద పడుకున్న తల్లి లేచి కూర్చుంటుంది. "ఇంగా ఎండ ఉండాదేమి నాయనా?" అని ఆమె ఆశ్చర్యం. "ఎండకోసరమే బయటికొచ్చినాం మా" అని కొడుకు జవాబు.

ఎండ కోసం బయటికి రావడమనేది సీమలో ఎవరికీ కొరుకుడు పడని మాట. అలాగని సీమవాళ్లు వేసవి అంతా తలుపులేసుకుని కూర్చోరు. బడులకు సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా. పెళ్లిళ్లు, ఆరాధనలు, అమ్మమ్మగారి ఊళ్లు, మామిడిపండ్లు అన్నీ ఆ రోజుల్లోనే. తిరుగుళ్లకు అసలైన కాలం ఇదే. కాకుంటే వేళలు మారతాయి, చోట్లు మారతాయి. ఎండకు ముందో, ఎండ తర్వాతో. కాదంటే నీళ్ల దగ్గరో, నేల కిందో. కొన్ని చోట్లయితే ఎండలు ముదిరితే తప్ప కంటికే ఆనవు. మే నెలలో ఒక వారాన్ని తీసుకుని, సోమవారం నుంచి చూసుకుంటూ వద్దాం.

సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకే పల్లెలు లేస్తాయి. ఉపాధి పనికి పోయే ఆడవాళ్లు గంప, పార, నీళ్ల క్యాను సర్దుకుని, ఇంత సద్ది కట్టుకుని, వెలుగు రాకముందే చెరువు పూడిక తీసే చోటికి చేరుకుంటారు. పొద్దు నడినెత్తికి రాకముందే ఇంటిదారి పడతారు. టౌన్లలో ఆరింటికే ఉగ్గాణి బండ్ల దగ్గర జనం. బొరుగులు నీళ్లలో ముంచి తీసి, పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయల తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తారు. కడప వైపైతే ఎర్రకారం పూసిన దోశ. ఎనిమిదిన్నర దాటితే రుచి తగ్గదు గానీ, బండి పక్కన నిలబడి తినే ఓపిక తగ్గుతుంది.

పదకొండు నుంచి నాలుగు దాకా ఊరు తలుపులు మూసుకుంటుంది. కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి తడుపుతారు. కూలరు గడ్డికి బిందెతో నీళ్లు పోస్తారు. ఈ పద్ధతి జర్మన్లకూ తెలిసిందే. అక్కడ చాలా ఇళ్లలో ఏసీలు ఉండవు. వేడి ముదిరిన రోజుల్లో పగలు కిటికీల షట్టర్లు దించేసి, రాత్రి చల్లబడ్డాక అన్నీ బార్లా తెరుస్తారు. మరీ ఎండెక్కువైతే బడి పిల్లలను ముందే ఇంటికి పంపే ఏర్పాటు అక్కడా ఉంది. మన ఒంటిపూట బడులు మార్చి నెల మధ్యలోనే మొదలవుతాయి, అంతే తేడా.

మధ్యాహ్నం తిండి తేలిక. మజ్జిగన్నం, నంజుకోవడానికి ఉల్లిపాయ. లేదంటే రాగి సంగటి, పల్చటి పులుసు. వీధి మొగల్లో చలివేంద్రం కుండల పక్కన స్టీలు గ్లాసు గొలుసుకు వేలాడుతుంటుంది. సాయంత్రం ఆరు దాటాక ఇంటి పనుల్లో మొదటిది బండలు తడపడం. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి చుట్టుపక్కల తవ్వే నాపరాయి ఈ ప్రాంతపు ఇళ్లలో నేల మీద పరిచి ఉంటుంది, చాలా పాత ఇళ్లకు కప్పు మీదా అదే. పగలంతా వేడి తాగిన రాయి మీద నాలుగు బిందెల నీళ్లు చల్లితే మొదట ఆవిరి లేస్తుంది. గంట పోయాక చాపలు, పరుపులు మిద్దె ఎక్కుతాయి. ఈ నాపరాయి సంగతి శనివారం మళ్లీ చెప్పుకుందాం.

మంగళవారం పెద్ద ప్రయాణాల్లేవు, సందకాడ టౌన్లోకి ఒక చుట్టు. కర్నూలులో ఆ చుట్టు కొండారెడ్డి బురుజు మీదుగానే పోతుంది. విజయనగర కాలపు కోటలో మిగిలిన ఆనవాలు అది. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లకు పైగా ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. అప్పటి మంత్రుల కార్లు తిరిగిన దారుల్లో ఇప్పుడు కలింగర పండ్ల బండ్లు, పుల్ల ఐసు పెట్టెలు. హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసేది కర్నూలు దగ్గరే. మే నెలలో రెండింట్లోనూ నీళ్ల కన్నా రాళ్లూ ఇసుకే ఎక్కువ కనిపిస్తాయి. అయినా సాయిబాబా గుడి దగ్గర ఏటి ఒడ్డున గాలి కోసం కూర్చునేవాళ్లకు కొదవ లేదు.

కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర నన్నారి షర్బత్ తాగి, పెద్ద దర్గాకో, దేవుని కడపకో పోతారు. దర్గాలో హిందువులు, వెంకన్న గుడిలో ముస్లింలు కనిపించడం ఆ ఊరికి కొత్త కాదు. దేవుని కడప వెంకటేశ్వరుణ్ని ఉగాది నాడు ముస్లింలు దర్శించుకునే ఆచారం ఇప్పటికీ నడుస్తోంది. ఇక ఆ నన్నారి సంగతి. నల్లమల, శేషాచలం కొండల్లో తవ్వి తెచ్చిన వేళ్లను కాచి పాకం పడతారు. గ్లాసులో అడుగున ఆ పాకం, సగం నిమ్మకాయ, నానిన సబ్జా గింజలు, పైన సోడా. మధ్యాహ్నమే బయటపడక తప్పని చదువరులకు కడపలో ఒక నీడ ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి, చందాలు పోగుచేసి కట్టించిన బ్రౌన్ గ్రంథాలయం ఎర్రముక్కపల్లెలో ఉంది. తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ ఒకప్పుడు బంగళా కొని, పండితులను చేరదీసి తాళపత్రాలకు ప్రతులు రాయించిన స్థలం అది.

బుధవారం పిల్లలది. సీమ పల్లెల్లో ఈత నేర్చుకునేది చేని బావుల్లో. ఒకప్పుడు కపిల తోలిన బావులు అవి. చదరంగా, లోతుగా, గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్లతో ఉంటాయి. మొదటి నాలుగు రోజులు వీపుకు బెండ్లు కడతారు, లేకుంటే ఎండిన సొరకాయ బుర్ర. మామో, చిన్నాన్నో నీళ్లలో నిలబడి "దూకురా" అంటాడు. బెండు ఒక్కొక్కటే తీసేస్తూ పోతే వారం తిరిగేసరికి పిల్లవాడు నీటి మీద నిలుస్తాడు. జర్మనీలో చిన్నపిల్లలకు ఈతలో ఒక పరీక్ష ఉంది. గట్టు మీంచి దూకాలి, పాతిక మీటర్లు ఈదాలి, భుజాల లోతు నీళ్లలోంచి ఒక వస్తువు తీసుకురావాలి. నెగ్గితే సముద్రపు గుర్రం బొమ్మ ఉన్న బిళ్ల ఇస్తారు, తల్లులు దాన్ని ఈత బట్టలకు కుట్టి పెడతారు. సీమ బావిలో పరీక్ష ఒక్కటే: బెండ్లు లేకుండా మోటగట్టు మీంచి దూకడం. బిళ్ల ఉండదు, ఊరంతా చెప్పుకుంటారు.

కాకుంటే ఆ బావులే తగ్గిపోయాయి. బోర్లు వచ్చి భూమి అడుగు నీళ్లు లాగేశాక చాలా ఊళ్లలో బావుల్లో ముళ్లకంపే మిగిలింది. నీళ్లున్న బావి ఒకటుంటే చుట్టుపక్కల పల్లెల పిల్లలంతా అక్కడే. కర్నూలు నుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్లు పారే కె.సి. కాలువ ఉన్నా, మే నెలలో అందులో సాధారణంగా ఈతకు చాలినన్ని నీళ్లుండవు. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ పడవలు నడపడానికీ, పైర్లకు నీళ్లమ్మడానికీ కలిపి తవ్విన కాలువ అది. రెండూ గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వానికి అమ్ముకుంది. నదుల్లో ఇసుక తోడిన గుంతలు పైకి తెలియవు. అందుకే పెద్దలెవరూ వెంట లేకుండా పిల్లలను తుంగభద్రకు, పెన్నకు పంపొద్దని ఊళ్లలో ఏటా చెప్పేదే మళ్లీ చెబుతారు.

గురువారం రైలు ప్రయాణం. 2022లో జర్మనీ ప్రభుత్వం జూన్, జూలై, ఆగస్టు నెలలకు ఒక టికెట్ పెట్టింది. తొమ్మిది యూరోలు కడితే నెలంతా దేశంలో ఏ ఊరి లోకల్ బస్సయినా, రైలయినా ఎక్కవచ్చు. కోట్లల్లో అమ్ముడైంది. ఎప్పుడూ ఊరు దాటని వాళ్లు కూడా సముద్రం చూసి వచ్చారు, రైళ్లలో నిలబడ్డానికి చోటు దొరకలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఈ చివర డోన్ నుంచి ఆ చివర కడప దర్గా దాకా పోవడానికి ఇక కొంగుముడి విప్పక్కర్లేదు.

రైలంటే ఇష్టమున్నవాళ్లకు నంద్యాల–ఎర్రగుంట్ల దారి ఉంది. 123 కిలోమీటర్ల ఈ లైను 2016 ఆగస్టులో మొదలైంది. అంతకుముందు బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వాళ్లకు రైలెక్కాలంటే ముందు బస్సెక్కాలి. ఇప్పుడు నంద్యాలలో బండెక్కితే కిటికీలోంచి నల్లరేగడి చేలు, నాపరాయి గనుల తెల్లటి దిబ్బలు, ఎర్రమల కొండలు వరసగా వస్తాయి. బనగానపల్లెలో మే నెలంటే మామిడి. 1948 దాకా నవాబుల సంస్థానంగా ఉన్న ఈ చిన్న ఊరి పేరు మీదే దేశమంతా ఆ పండును పిలుస్తుంది. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పీచు ఉండదు, తొక్క పల్చన, కోసి తినే పండు. పండ్లు కొనేవాళ్లు ముందు ముచ్చిక దగ్గర వాసన చూస్తారు, ధర అడిగేది ఆ తర్వాతే.

జమ్మలమడుగులో దిగితే అక్కడి నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. అయితే మధ్యాహ్నం బండికి వచ్చి కోటకు పోయేవాళ్లు తెలియనివాళ్లు. తెలిసినవాళ్లు ముందురోజు సాయంత్రమే చేరి, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారుజామున అయిదుకు గండి అంచుకు నడుస్తారు. కింద పెన్న, రెండు పక్కలా ఇటుకలు పేర్చినట్టున్న ఎర్రటి రాతి గోడలు. ఆరు దాటగానే వెలుగు ఆ గోడల మీంచి మెల్లగా కిందికి దిగుతుంది. ఏడింటికల్లా జుమ్మా మసీదు, దాని పక్కన ధాన్యాగారం, మాధవరాయ స్వామి గుడి గోపురం చూసేయాలి. పెమ్మసాని నాయకుల కాలంలో ఏళ్ల తరబడి ముట్టడులకు నిలిచిన కోట ఇది. ఇప్పటి సందర్శకుణ్ని ఎనిమిదిన్నర ఎండ పారదోలేస్తుంది.

శుక్రవారం సంగమేశ్వరం. ఇది వేసవి మాత్రమే చూపించే చోటు.

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. 1980ల మొదట్లో జలాశయం నిండినప్పుడు వందకు పైగా ఊళ్లు మునిగాయి. కృష్ణ, తుంగభద్రల వెంట ఉన్న పాత గుళ్లను ముందే రాయి రాయిగా విప్పి వేరే చోట్ల నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు శివారులోని జగన్నాథగట్టు ఎక్కింది. ఆత్మకూరు వైపు, కృష్ణలో భవనాశి కలిసే చోటున్న సప్తనదుల సంగమేశ్వరం మాత్రం అక్కడే ఉండిపోయింది. వానాకాలంలో మునుగుతుంది. చలికాలమంతా నీళ్ల కిందే. వేసవిలో కరెంటుకూ, సాగుకూ నీళ్లు వాడేసి మట్టం 840 అడుగుల దరిదాపులకు పడిపోయాక శిఖరం, తర్వాత మండపం, చివరికి గర్భగుడి బయటపడతాయి. ఏ ఏడు ఏ నెలలో తేలుతుందో పంచాంగం చెప్పదు. ఎగువన ఎంత వాన పడింది, దిగువకు ఎంత వదిలారు అన్న లెక్క చూసుకోవాల్సిందే.

గుడి తేలిందన్న మాట వినగానే జనం కదులుతారు. నీళ్లు వెనక్కు తగ్గిన రేగడి నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. దాని మీదే ఆటోలు, మోటారు సైకిళ్లు దారి చేసుకుంటాయి. అవతలి ఒడ్డున తెలంగాణ వైపు సోమశిల నుంచి పడవల్లోనూ వస్తారు. ముందు బురద కడగాలి, పూడిక ఎత్తాలి, అప్పుడు పూజ. లోపల ఉన్నది వేపమొద్దు లింగం. ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఏటా నెలల తరబడి నీళ్లలో నానుతూ ఉన్నా చెక్క చెడలేదని చూసినవాళ్లు వేలితో తట్టి మరీ చెబుతారు. గుడి చుట్టూ నడిస్తే మునిగిన ఊళ్ల మొండిగోడలు, బావి గట్లు కనిపిస్తాయి. ఇక్కడికి వచ్చేవాళ్లలో అందరూ దేవుడి కోసమే రారు. పునరావాస కాలనీల్లో పెరిగిన మనవళ్లకు "మన ఇల్లు అదో, ఆడ ఉండె" అని చూపించే తాతలూ ఉంటారు.

శనివారం నేల కిందికి. కొలిమిగుండ్ల దగ్గర బేలం గుహలు. బయటి నుంచి చూస్తే గుహలున్నట్టే తెలియదు. కొండ లేదు, గుట్ట లేదు, చదునైన చేల మధ్య రెండు మూడు బావుల్లాంటి గుంతలు. వాటిలో ఒకదానిలోకి మెట్లు దిగితే లోపల మూడు కిలోమీటర్లకు పైగా, కచ్చితంగా చెప్పాలంటే 3,229 మీటర్ల దారులు. మైదాన ప్రాంతపు గుహల్లో దేశంలోకెల్లా పొడవైనవి ఇవే. మిద్దెల మీదా, వాకిళ్లలోనూ పరిచే నాపరాయి ఉందే, ఆ జాతి సున్నపురాయినే లక్షల ఏళ్లు నీళ్లు కరిగించి ఈ సొరంగాలు చేశాయి.

భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటి గురించి రాశాడు. ఆ కాలంలోనే తన కొడుకు హెన్రీతో కలిసి బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల్లో తవ్వకాలు జరిపి పాతకాలపు జంతువుల ఎముకలు వెలికి తీశాడు. బేలం సంగతి తర్వాత దాదాపు వందేళ్లు ఎవరికీ పట్టలేదు. మళ్లీ పట్టించుకున్నది జర్మన్లు. 1982 నుంచి 1984 దాకా డేనియల్ గెబావర్ అనే గుహల అన్వేషకుడు తన జట్టుతో వచ్చి, లైట్లు, తాళ్లు, కొలత టేపులు పట్టుకుని, ఒక్కో సందునూ పాకుతూ కొలిచి పటం గీశాడు. కర్నూలు జిల్లా గుహల మీద ఆయన నివేదిక మ్యూనిక్‌లో అచ్చయింది, దాని పేరులోనే కర్నూలు ఉంది. ఎండ కోసం తపించే దేశం నుంచి వచ్చి, ఎండ ధారాళంగా దొరికే జిల్లాలో, ఎండ పొడ సోకని చోట వాళ్లు రోజులకు రోజులు గడిపారు. లోపల ఒక విశాలమైన గదికి ఇప్పుడు గెబావర్ పేరే ఉంది.

ఆ పటం వచ్చేనాటికి గుహలు చెత్త పారబోసే చోటుగా ఉండేవి. ఊరివాళ్లే, వాళ్లలో రిటైరైన పోలీసు అధికారులూ ఉన్నారు, ముందుకొచ్చి శుభ్రం చేయించారు. ప్రభుత్వం రక్షణలోకి తీసుకుంది. పర్యాటక సంస్థ మెట్లు, దీపాలు వేసి 2002లో జనానికి తెరిచింది. కిలోమీటరున్నర దాకా నడవచ్చు. సింహద్వారం, కోటిలింగాలు, ఊడలమర్రి, వేయిపడగలు అని గదులకు పేర్లు. పైనుంచి వేలాడే రాతి ఊడలను వేళ్లతో తడితే లోహం మోగినట్టు పలికే సప్తస్వరాల గుహ ఒకటి. అన్నిటికన్నా లోతైనది పాతాళగంగ, పైనుంచి 46 మీటర్లు. అక్కడ ఒక నీటి పాయ ఇలా కనిపించి అలా రాళ్లలోకి మాయమవుతుంది.

గుహలో చల్లగా ఉంటుందని ఆశపడి వచ్చినవాళ్లకు ఒక హెచ్చరిక. లోపల ఎండ లేదు గానీ ఉక్క ఉంది. గొట్టాల ద్వారా గాలి పంపుతున్నా, పావుగంటలో చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. నీళ్ల సీసా చేతిలో ఉండాలి. నూలు బట్టలు వేసుకోవాలి. ఆయాసం ఉన్న పెద్దవాళ్లు మొదటి గదులు చూసి వెనక్కి రావడం మేలు. అయినా సెలవుల్లో శని, ఆదివారాలు టికెట్ల కిటికీ దగ్గర వరస తగ్గదు. ఏసీ గదిలో సెల్‌ఫోను వదలని పిల్లలు కూడా లోపల సిగ్నల్ అందక తలెత్తి పైకి చూస్తారు.

ఆదివారం జర్మనీలో దుకాణాలు మూత, సీమలో మటన్ కొట్టు దగ్గర ఆరింటికే క్యూ. వండుకుని తినేవాళ్లు తింటారు. తిరగాలనుకున్నవాళ్లు మాత్రం ఆ రోజుకు నీచు మానుకుని మహానంది బస్సెక్కుతారు. నల్లమల పాదాన, నంద్యాలకు దగ్గర్లో ఉన్న ఆ గుడిలో లింగం అడుగు నుంచి ఊట పుట్టి కోనేళ్లలోకి వస్తుంది. లోపల రుద్రగుండం, బయట విష్ణుగుండం, బ్రహ్మగుండం. అయిదడుగుల లోతు, అడుగున రూపాయి బిళ్ల పడితే బొమ్మా బొరుసూ చెప్పగలిగేంత తేట. ఎండాకాలంలోనూ ధార తగ్గదు. గుడి దాటిన నీళ్లు వృథాగా పోవు, చుట్టుపక్కల అరటి తోటలకూ, వరి మళ్లకూ పారతాయి. ఈత రాని తల్లులు మెట్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుంటారు, పిల్లలను బయటికి లాగడానికి మాత్రం తండ్రులు నీళ్లలోకి దిగక తప్పదు. మధ్యాహ్నం సత్రం నీడలో పులిహోర పొట్లాలు విప్పుతారు. కొండలకు దగ్గర కాబట్టి నాలుగింటికే గాలి కాస్త మారుతుంది.

సాయంత్రం కర్నూలు బస్సులో ఒక ఇంటివాళ్ల మధ్య వచ్చే వారం గురించి పంచాయితీ మొదలవుతుంది. వైశాఖ శుద్ధ దశమికి వీరబ్రహ్మేంద్రస్వామి ఆరాధన ఉంది, కడప జిల్లా బ్రహ్మంగారి మఠానికి పోదామని అవ్వ పట్టు. అహోబిలం పోయి జ్వాలా నరసింహుడి దాకా కొండెక్కుదామని పెద్దకొడుకు. యాగంటిలో కాకి వాలదట, అది నిజమో కాదో రోజంతా కూర్చుని చూస్తానని చిన్నమ్మాయి. వాళ్ల నాన్న మాట్లాడకుండా సెల్‌ఫోనులో రేపటి ఎండ ఎంతో చూశాడు. నలభై మూడు. "ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు పోదాం" అన్నాడు. పాతిక కిలోమీటర్ల లోపే దూరం, రాళ్ల మధ్య నీళ్లలో బోటు షికారు, బాహుబలి సినిమా తీసిన చోటు కూడా. అన్నిటికీ మించి సాయంత్రం నాలుగున్నరకు బయలుదేరినా సరిపోతుంది. అవ్వ ఒప్పుకోలేదు. బస్సు పాణ్యం దాటింది, వాదన ఇంకా నడుస్తోంది.